రాత్రినుంచీ

“సా,” అన్నాడు హాలెట్ దొర గుర్రం మీంచి వంగి. “ఐ సా హిమ్ యెస్టర్డే. ‘హావ్ సీన్’ కాదు, దొరస్వామీ. నిన్న అన్నావంటే అది చచ్చిపోయిన సంగతి. చచ్చినదానికి ‘హావ్’ తగిలించకూడదు.”

పక్క తోటనుంచి వచ్చిన ఇంకో దొర కళ్ళెం వదిలేసి మరీ నవ్వాడు.

దొరస్వామి కూడా నవ్వాడు. పిక్కలదాకా బురదలో నిలబడి, చెరుకుకత్తిని ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుని, “యెస్ సర్. సా,” అన్నాడు. వెనక సాళ్ళలో ఎండాకు గీస్తున్న తెలుగువాళ్ళకు ఏం జరిగిందో తెలియలేదు. దొర నవ్వాడు, దొరస్వామన్న నవ్వాడు. వాళ్ళూ కాస్త నవ్వారు.

సముద్రం అవతలి ఆ దీవిలో, నవువా నది ఒడ్డు చెరుకుతోటలో మద్రాసు ఓడల్లో దిగినవాళ్ళకు హిందుస్తానీ ఇంకా సరిగా పట్టుబడలేదు. పని చేయించే సర్దారు భగవాన్ అరిచేది వాళ్ళకు సగమే తెలిసేది, వాళ్ళు చెప్పుకునేది అతనికి అసలే తెలిసేది కాదు. అందుకని చిత్తూరు మిషను బడిలో నాలుగేళ్ళు చదివిన దొరస్వామిని హాలెట్ దొర దుబాసీగా వాడుకుంటున్నాడు. గిర్మిట్, అంటే ఓడెక్కేముందు వేలిముద్ర వేసిన అయిదేళ్ళ కూలి ఒప్పందం, అందరిదీ ఒకటే. అతనూ కత్తి పట్టుకోవలసిందే, మడి దిగవలసిందే. కాకపోతే పొద్దున హాజరు వేళ దొర పక్కన నిలబడేవాడు. ఎవరికి వొళ్ళు బాగులేకపోయినా, ఎవరి మీద దెబ్బ పడినా ఆ మాట అతని నోటి గుండానే దొర చెవికి చేరేది.

ఆ దొర వెళ్ళాక హాలెట్ గుర్రాన్ని దొరస్వామి దగ్గరికి నడిపించాడు.

“సువా కోర్టులో తెలుగూ తమిళమూ వచ్చిన దుబాసీ కావాలంటున్నారు. నీ పేరు చెబుదామని ఉంది. అక్కడ ఇలాంటి తప్పులు చేస్తే నన్ను చూసి నవ్వుతారు.”

“చెయ్యను సర్.”

ఆ సాయంత్రం నది గట్టున బట్టలు పిండుకుంటూ దొరస్వామి ఆ వాక్యాన్నే పదే పదే నమిలాడు. నిన్న చూశాను, సా. మొన్న వచ్చాడు, కేమ్. పోయిన వారం కొట్టాడు, బీట్. పొద్దు చెప్పావంటే ‘హావ్’ లేదు. ఇంత చిన్న సంగతి తనకు రాకపోవడమేమిటి? తెలుగులో వచ్చాడంటే వచ్చాడే. వచ్చి ఉన్నాడో, వచ్చి పోయాడో వినేవాడు మొహం చూసి తెలుసుకుంటాడు. వీళ్ళకు మాటలోనే అంతా తేలాలి. పిండిన పంచెను దులిపితే నీళ్ళు మొహాన పడ్డాయి. గిర్మిట్‌లో ఇంకా రెండేళ్ళు మిగిలి ఉన్నాయి. కోర్టులో నీడపట్టున బల్ల దగ్గర నిలబడే పని. చొక్కా తొడుక్కుని చేసే పని. ఆ ఆలోచన రాగానే ‘సా’ అని మరొకసారి పైకే అనుకున్నాడు.

తెల్లవారేసరికి వాన. నవువాలో వాన కొత్త కాదు. కూలీలుండే లైను గదుల ముందు లాంతరు చుట్టూ గోనెసంచులు నెత్తిన వేసుకుని మనుషులు నిలబడ్డారు. భగవాన్ పేర్లు పిలుస్తున్నాడు. దొర గుర్రం మీదే, నల్లటి రబ్బరు కోటులో.

మునియ్య వరసలోంచి బయటికి వచ్చి దొరస్వామి చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ ఒకే ఓడలో వచ్చినవాళ్ళు. ఓడలో కలిసినవాళ్ళు ఒక తల్లి బిడ్డలతో సమానమని అక్కడ అందరూ అనుకునేవారు. మునియ్య పెళ్ళాం మునెమ్మ కూడా దొరస్వామిని అన్నా అనే పిలిచేది.

“అన్నా, మునెమ్మకు రాత్రినుంచీ జొరమొచ్చిందన్నా. లేచేదానికి కావడంలా. ఈ పొద్దు ఒక్క దినం ఇడిసిపెట్టమని దొరకు చెప్పన్నా.”

“ఏమిటట?” అన్నాడు దొర.

“సర్, మునెమ్మ. ఈయన భార్య. షి హాజ్—”

ఆగాడు. రాత్రి. లాస్ట్ నైట్. పొద్దు చెప్పావంటే ‘హావ్’ లేదు. లాంతరు వెలుతురులో దొర కనుబొమ్మ పైకి లేవడం అతనికి కనిపించింది. నిన్నటి నవ్వు చెవిలో గిర్రున తిరిగింది.

“షి హ్యాడ్ ఫీవర్ లాస్ట్ నైట్, సర్.”

దొర మొహం విచ్చుకుంది. “హ్యాడ్. వెరీ గుడ్. చూశావా, నేర్చుకుంటే వస్తుంది.” అంటూనే భగవాన్ వైపు తిరిగాడు. “రాత్రి వచ్చిందట, పోయిందట. ఉస్‌కో బులావ్. పనికి రమ్మను.”

భగవాన్ అప్పటికే లైను వైపు అడుగులేస్తున్నాడు.

లేవలేకపోతోందన్న మాట దొరస్వామి నోట్లోనే ఉంది. దాంతోపాటు అసలు వాక్యం కూడా అప్పుడే, అడగకుండానే, ముక్క తప్పు లేకుండా వచ్చి నిలబడింది. షి హాజ్ హ్యాడ్ ఫీవర్ సిన్స్ లాస్ట్ నైట్. రాత్రి వచ్చి, ఇంకా వొంట్లోనే ఉన్న జ్వరం. నోరు తెరిచాడు. చెబితే, ఇప్పుడే మెచ్చుకున్న మనిషి ముందు తన మాట తానే తప్పని ఒప్పుకోవాలి. దొర కళ్ళెం లాగాడు. గుర్రం తిరిగింది. దాని తోక మీంచి వాన చినుకులు దొరస్వామి చేతి మీద పడ్డాయి.

“ఏమన్నాడన్నా?” అన్నాడు మునియ్య.

“రమ్మంటున్నాడు.”

“చెప్పినావు గదా?”

“చెప్పినా.”

మునెమ్మ వచ్చింది. భగవాన్ ముందు, ఆమె వెనక. పక్కగది మంగమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుని నడిపిస్తోంది. ఎవరి మొహమూ చూడకుండా వచ్చి ఆడవాళ్ళ వరసలో నిలబడి, గోనెసంచిని గడ్డం కిందికి లాక్కుంది.

ఆ రోజు ఆడవాళ్ళకు నది పక్క లేతచెరుకులో కలుపు తీసే పని. ఒక్కొక్కరికి ఒక్కొక్క సాలు. మొగవాళ్ళు ఆ పక్కనే కాలవ పూడిక తీస్తున్నారు. దొరస్వామి కాలవలో నిలబడి మన్ను గట్టుమీదికి విసురుతూ చూస్తూ ఉన్నాడు. మునెమ్మ మూడు గుప్పిళ్ళు కలుపు పీకి, రెండు చేతులూ నేలకు ఆనించి తల వాల్చేది. మళ్ళీ లేచి పీకేది. పీకిన గడ్డిని సాలు పక్కన వేయడానికి ఓపిక లేక ముందుకే నెట్టుకుంటూ పోతోంది. మిగతా ఆడవాళ్ళు చాలా దూరం వెళ్ళిపోయారు. మంగమ్మ తన సాలు చేసుకుంటూనే చెయ్యి చాచి ఈమె సాలులోనూ అందినంత పీకుతోంది. భగవాన్ వస్తే చెయ్యి వెనక్కి తీసుకునేది.

పొద్దెక్కాక వాన వెలిసింది. ఎండ ఒక్కసారిగా దిగింది. చెరుకాకుల మీంచి ఆవిరి లేచింది.

దొరస్వామి గట్టెక్కి నీళ్ళ డబ్బా తీసుకుని ఆమె దగ్గరికి వెళ్ళాడు. మునెమ్మ తల ఎత్తింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పెదాల చుట్టూ తెల్లగా ఎండిపోయింది. డబ్బా పట్టుకుంటే చేతులు వణికి నీళ్ళు మెడ మీద పడ్డాయి. అతను డబ్బా పట్టుకుని తాగించాడు. ఆమె వేళ్ళు అతని వేళ్ళకు తగిలాయి, పొయ్యి దగ్గర పెట్టిన సత్తుగిన్నెలా ఉన్నాయి.

“దొర ఒప్పుకోలేదాన్నా?” అంది.

“లేదమ్మా.”

“పోనీలే. నువ్వేం జేస్తావు. నువ్వడిగినావు గదా.”

అతను అక్కడే కూర్చుని ఆమె సాలులో కలుపు పీకడం మొదలుపెట్టాడు. ఎంతో దూరం పోకుండానే భగవాన్ కేక వేశాడు. “ఏయ్ దుబాసీ, తేరా కామ్ ఉధర్.” నీ పని అక్కడ అని కాలవ వైపు కర్ర చూపించాడు. దొరస్వామి లేచాడు. దొర ఎక్కడున్నాడో చూశాడు. మడికి అవతలి చివర, గుర్రం దిగకుండా ఎవరికో ఏదో చూపిస్తున్నాడు. అంత దూరం నడిచి వెళ్ళి చెప్పవచ్చు. సర్, పొద్దున నేను తప్పు చెప్పాను అనవచ్చు. చేతుల మట్టి దులుపుకున్నాడు. ఆ తర్వాత కాలవలోకి దిగాడు.

మధ్యాహ్నం మునెమ్మ సాలులోనే పక్కకు ఒరిగి పడిపోయింది. మంగమ్మ కేక విని మునియ్య పార పడేసి పరుగెత్తాడు. గోనెసంచి రెండు చివరలూ వెదురుకు కట్టి అందులో ఆమెను మోసుకుపోయారు. ముందు కొస మునియ్య, వెనక కొస దొరస్వామి. దారి పొడుగునా ఆమె ఎవరినో పేరు పెట్టి పిలుస్తూనే ఉంది. ఆ పేరు వాళ్ళమ్మదని మునియ్య చెప్పాడు.

తోట ఆసుపత్రిలో ఆమె ఆ రాత్రి గడిపింది. మర్నాడు పొయ్యిలో మంట తగ్గినట్టు నెమ్మదిగా తగ్గిపోయి, అన్నం గంట కొట్టే వేళకు పోయింది. నది ఒడ్డున పచ్చికట్టెలు అంటుకోక పొగ పెట్టాయి. మునియ్య ఏడవలేదు. కట్టెలు సర్దుతూ, ఊదుతూ, పొగకు కళ్ళు తుడుచుకుంటూ ఉండిపోయాడు.

ఆ శనివారం కూలీల సంగతులు విచారించే దొర సువానుంచి లాంచీలో వచ్చాడు. జబ్బుగా ఉన్న ఆడదాన్ని పనికి పంపారని ఎవరో ఆయన చెవిన వేశారు. హాలెట్ దొర బంగళా వరండాలో బల్ల వేశారు. ఇన్‌స్పెక్టరు దొర సన్నగా, కళ్ళజోడు పెట్టుకుని, ప్రతి మాటకూ తలాడిస్తూ రాసుకునే మనిషి. దొరస్వామి ఉతికిన చొక్కా తొడుక్కుని బల్ల పక్కన నిలబడ్డాడు. మునియ్యను మెట్ల కింద నిలబెట్టారు.

ముందు హాలెట్ చెప్పాడు. అబద్ధం ఒక్కటీ చెప్పలేదు. ముందటి రాత్రి జ్వరం వచ్చి తగ్గిందని తనకు తెలియజేశారనీ, ఇంకా జ్వరంలోనే ఉందని తెలిస్తే పిలిపించి ఉండేవాణ్ణి కాదనీ అన్నాడు. తనకు తెలియజేసిందెవరో ఆయనా అనలేదు, ఎవరూ అడగలేదు. దొరస్వామి వైపు చూడలేదు కూడా.

“ఆ రోజు పొద్దున ఏం చెప్పాడో భర్తను అడుగు,” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

దొరస్వామి అడిగాడు. మునియ్య చేతులు కట్టుకుని, తల వంచుకుని, ఆ రోజు చెప్పినట్టే చెప్పాడు.

“మునెమ్మకు రాత్రినుంచీ జొరమొచ్చింది, లేచేదానికి కావడంలేదని జెప్పినా దొరా.”

ఇన్‌స్పెక్టరు కలం కాగితం మీద ఆనించి చూస్తున్నాడు. ఈసారి దొరస్వామిని తొందరపెట్టేవాళ్ళు లేరు. వాన లేదు, గుర్రం లేదు. కావలసిన వాక్యం నాలుక మీదే ఉంది. అది చెబితే తరవాత ప్రశ్న తన మీదికే వస్తుంది. మరి నువ్వు దొరకు ఏం చెప్పావు?

“రాత్రి జ్వరం వచ్చిందని చెప్పాడట, సర్. షి హ్యాడ్ ఫీవర్ లాస్ట్ నైట్.”

“అతను సరిగ్గా అన్న మాట అదేనా?”

“సర్, మా భాషలో వచ్చింది అనే మాట ఒకటే. వచ్చి పోయినా వచ్చిందే, వచ్చి ఇంకా ఉన్నా వచ్చిందే. ఇంగ్లీషులో ఉన్నట్టు రెండు లేవు. వినేవాళ్ళు ఊహించుకోవాలి.”

ఇన్‌స్పెక్టరు కళ్ళజోడు తీశాడు. “నిజంగానా? ఆ మాట మళ్ళీ అను.”

“వచ్చింది.”

“వచ్-చిన్-ది,” అన్నాడాయన, పంచదార పలుకు చప్పరించినట్టు. హాలెట్ వైపు తిరిగి, “చాలా ఆసక్తిగా ఉంది. ఇంత చిన్న విషయం మీద—” అని, వాక్యం పూర్తి చేయకుండా రాసుకోవడంలో పడ్డాడు.

తను చెప్పిన దాంట్లో తప్పు లేదు. తెలుగులో ఆ మాట నిజంగానే అంతే. వెయ్యిమంది పండితులను పిలిచి అడిగినా అదే చెబుతారు. మునియ్య ‘నుంచీ’ అన్నాడన్నదీ, లేవలేకపోతోందన్నాడన్నదీ మాత్రం అతను చెప్పలేదు. మెట్ల కిందినుంచి మునియ్య తనవైపు తల ఎత్తి చూస్తున్నాడని తెలిసినా దొరస్వామి వరండా కొసన వేలాడుతున్న ఫెర్న్ మొక్క కుండీని చూస్తూ ఉండిపోయాడు.

రాయడం అయ్యాక ఇన్‌స్పెక్టరు చెప్పాడు. ఇది భాషాభేదం వల్ల కలిగిన పొరపాటు. ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. మరణానికి చింతిస్తున్నాం.

“అతనికి చెప్పు,” అన్నాడు.

దొరస్వామి మెట్ల వైపు తిరిగాడు. “మునియ్యా, ఎవరి తప్పూ లేదంటున్నారు. అనుకోకుండా జరిగిందట. బాధపడుతున్నామంటున్నారు.”

మునియ్య మెట్ల దగ్గరికి ఒక అడుగు వేశాడు. “నేను చెప్పిందంతా చెప్పినావు గదన్నా?”

“చెప్పినా.”

మునియ్య ఇద్దరు దొరలకూ దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఇన్‌స్పెక్టరు కాగితాలు సర్దుకుంటూ, ఇలాంటి మనిషి సువాలో మాకు చాలా పనికివస్తాడని హాలెట్‌తో అన్నాడు. బుధవారం లాంచీ వచ్చినప్పుడు పంపిస్తానని హాలెట్ అన్నాడు. గిర్మిట్ మార్పించే సంగతి తాను చూసుకుంటానన్నాడు. దొరస్వామి “థాంక్యూ సర్” అన్నాడు. ఎన్నాళ్ళనుంచో అనాలనుకున్న మాట, నోట్లోంచి ఎవరిదో అయినట్టు వచ్చింది.

మర్నాడు ఆదివారం. లైనులో మనుషులు బట్టలు ఉతుక్కుంటున్నారు, తలలు చూసుకుంటున్నారు. దొరస్వామి గది గడపలో కూర్చుని కత్తి నూరుకుంటున్నాడు, బుధవారం తరవాత ఆ కత్తి తనకు అక్కర్లేదని తెలిసినా.

మునియ్య పాత కోకగుడ్డ మూటతో వచ్చాడు. ఆ కోక ఎవరిదో దొరస్వామి గుర్తుపట్టాడు. మూట విప్పితే మన చేమగడ్డల్లాంటి దాలో గడ్డలు, మట్టి కడిగి, కాడలు కోసి. నది పక్క చెత్తనేలలో మునెమ్మ పెట్టిన మొక్కలవి.

“ఆమె పెంచిందన్నా. నీకు తెచ్చినా.”

“నాకెందుకు మునియ్యా?”

“నిన్న దొరతో అంతసేపు మాట్లాడినావు. నాకు ఆ మాటలు తెలవకపోయినా చూస్తా ఉండినా గదా. ఆ దొర మళ్ళా మళ్ళా అడిగి రాసుకున్యాడు. మనకోసరం అంతసేపు ఎవురు మాట్లాడినారు ఈ దేశంలో? మంగమ్మక్క గూడా అదే అనింది.”

దొరస్వామి కత్తి పక్కన పెట్టాడు. రాయి మీద నీళ్ళు ఆరిపోతున్నాయి. లోపలికి రమ్మంటే మునియ్య రాలేదు. మెట్టు మీదే గొంతుక్కూర్చున్నాడు. తల గొరిగించుకున్నచోట ఎండకు చర్మం కమిలి ఉంది.

“మునియ్యా, నువ్వు ఆ రోజు రాత్రినుంచీ అన్నావు.”

“అవును.”

“నేను దొరకు రాత్రి అని చెప్పినా.”

మునియ్య ఎదురుచూశాడు, ఇంకా ఏదో ఉందన్నట్టు. “అంతే గదా?”

“వాళ్ళ భాషలో అంతే కాదు. నేను చెప్పినట్టు చెబితే, రాత్రి వచ్చింది, రాత్రే పోయింది అని. ఇప్పుడు లేదు అని. ఇంకా ఉందంటే వేరేగా చెప్పాలి. ఆ మాట నాకు తెలుసు.”

ఎక్కడో ఆడవాళ్ళు నీళ్ళ దగ్గర గొడవపడుతున్నారు. మునియ్య ఒక దాలో గడ్డను తీసి, దానికి ఇంకా అంటుకున్న మట్టిని బొటనవేలి గోటితో గీకాడు.

“ఆ పొద్దు తొందరలో అట్ల వచ్చేసింది నోటికి,” అన్నాడు చివరికి. అది ప్రశ్నో, మాఫీయో దొరస్వామికి తెలియలేదు.

“తొందరే. కానీ వెంటనే తెలిసింది. లేవలేకుండా ఉందన్నదీ చెప్పలేదు, దొరను మళ్ళీ పిలవలేదు.”

“నిన్న?”

దొరస్వామి రాయి మీది తడిని బొటనవేలితో తుడిచాడు.

“నిన్న తొందర లేదే అన్నా. అందురూ నీ నోటిపక్కే చూస్తా కూసోనుండిరి.”

“సువాలో పని వస్తుందని—” అన్నాడు దొరస్వామి.

మునియ్య గడ్డను మూటలో పెట్టాడు. కోక నాలుగు కొసలూ దగ్గరికి తెచ్చి, మెల్లగా, జారిపోకుండా ముడి వేశాడు. ముడి సరిగా పడలేదని విప్పి మళ్ళీ వేశాడు.

“ఓడలోనుంచీ నిన్ను అన్నా అనే పిలస్తా వచ్చింది మునెమ్మ,” అన్నాడు.

మూట చంకన పెట్టుకుని లేచి వెళ్ళాడు. కోపంగా వెళ్ళలేదు. నాలుగు గదులు దాటి మంగమ్మ గడప ముందు మూట దించి, లోపలికి ఏదో చెప్పాడు. మంగమ్మ బయటికి వచ్చి, మూటను చూసి, తరవాత ఇటువైపు చూసింది.

దొరస్వామి లేచి తిన్నగా దొర బంగళాకు వెళ్ళాడు. హాలెట్ వరండాలో చొక్కా లేకుండా కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. దొరస్వామి మెట్ల కింద నిలబడి అంతా చెప్పాడు. ఆ రోజు మునియ్య అన్న మాట ఇదీ, తాను అన్న మాట ఇదీ అని, రెండు వాక్యాలూ ఒకదాని తరవాత ఒకటి. హాలెట్ కత్తి ఆపి అద్దంలోంచే విన్నాడు.

“ఇన్‌స్పెక్టరు వెళ్ళిపోయాడు, దొరస్వామీ. అది ముగిసింది.”

“సువాకు వెళ్ళను సర్.”

“వెళ్ళక? ఇక్కడుండి ఏం చేస్తావు? ఆమెను తిరిగి తెస్తావా?” హాలెట్ నురగ తుడుచుకున్నాడు. గొంతు కటువుగా లేదు. “మనం ఇద్దరం ఆ సంగతి మళ్ళీ ఎత్తకపోవడం మంచిది. నీకూ, నాకూ.”

సోమవారం పొద్దున లాంతరు చుట్టూ ఎప్పటిలా అందరూ చేరారు. వాన లేదు. నది మీంచి మంచు లేచి లైను దాకా వచ్చింది. దొరస్వామి దొర గుర్రం పక్కన, తన చోట నిలబడ్డాడు. భగవాన్ రంగస్వామి పేరు పిలిచాడు. పలకలేదు. మళ్ళీ పిలిచాడు.

లైను చివరినుంచి నలుగురు వచ్చారు. గదిలోంచి ఊడబెరికిన పడక పలక మీద ముసలి రంగస్వామిని పడుకోబెట్టి, నాలుగు మూలలా పట్టుకుని. ముందు మూల మునియ్యది. అతని పక్క మూల మంగమ్మది. వరసల మధ్యనుంచి నడుచుకుంటూ వచ్చి పలకను గుర్రం కాళ్ళ ముందు దించారు. గుర్రం రెండడుగులు వెనక్కి వేసింది.

“ఏమిటిది?” అన్నాడు దొర. “ఏమంటున్నారు?”

దొరస్వామి ముందుకు వచ్చాడు. “మునియ్యా, ఎప్పటినుంచి ఇట్లా ఉన్నాడు?”

మునియ్య అతని వైపు చూడలేదు. పలక మీదికి వంగి రంగస్వామి దుప్పటి సర్దుతూ అన్నాడు. “నువ్వేమీ చెప్పనక్కర్లేదు దొరస్వామీ.”

మిగతావాళ్ళు కూడా ఏమీ అనలేదు. చేతులు వేలాడేసుకుని దొరను చూస్తూ నిలబడ్డారు. రంగస్వామి పళ్ళు టకటకమని కొట్టుకుంటున్న చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. భగవాన్ కర్ర ఎత్తబోయి, దొర మొహం చూసి దించాడు.

హాలెట్ గుర్రం దిగాడు. హాజరు వేళ ఆయన నేల మీద కాలు పెట్టడం అక్కడ ఎవరూ చూసి ఎరగరు. వంగి, చేతి తొడుగు ఊడదీసి, రంగస్వామి నుదుటి మీద చెయ్యి వేశాడు. వెంటనే తీసేశాడు.

“హాస్పిటల్,” అన్నాడు.

ఆ మాట అందరికీ తెలుసు. నలుగురూ పలక ఎత్తారు. దొరస్వామి సాయం పట్టబోయాడు. నాలుగు మూలలకూ నాలుగు చేతులు ఉన్నాయి. ఎవరూ జరగలేదు. అతను వెనకే నడిచాడు. మలుపు దగ్గర పలక ఒరిగి రంగస్వామి చెయ్యి పక్కకు జారి వేలాడింది. దొరస్వామి దాన్ని ఎత్తి ఆయన గుండె మీద పెట్టాడు. ఎవరూ వద్దనలేదు. ఎవరూ అతని వైపు చూడనూ లేదు. వాళ్ళు ముందుకు సాగిపోయారు.